దత్తమండలాల నుంచి రాయలసీమ దాకా: తరచుగా అడిగే ప్రశ్నలు

సీమ చరిత్ర అనగానే పాలెగాళ్లు, కరువు, కొట్లాటలు అన్న మూడు మాటల దగ్గరే ఆగిపోయేవారు ఎక్కువ. ఈ మూడింటికీ మూలం ఒకటే: నాలుగైదు వందల ఏళ్లు ఈ నేల ఎవరో ఒక రాజుకు పొలిమేరగానే ఉండింది. ఇక్కడ కోటలు కట్టినవారు, సిస్తు వసూలు చేసినవారు, సైన్యాలు నడిపినవారు చాలామంది ఉన్నారు. ఇది తమ ఇల్లు అనుకుని ఏలినవారు తక్కువ. ఆ సంగతి దృష్టిలో పెట్టుకుంటే కింది జవాబులు ఒకదానికొకటి అతుకుతాయి.

దత్తమండలాలు అంటే ఏ ప్రాంతాలు?

1800 అక్టోబరు 12న నిజాం అలీ ఖాన్ ఈస్టిండియా కంపెనీతో ఒప్పందం చేసుకుని, తన రాజ్యంలో ఉంచిన కంపెనీ సైన్యం ఖర్చు కింద రాసిచ్చిన భూములివి. ఇవి నిజాంకు తాతల నాటి ఆస్తి కూడా కాదు. 1792లో, ఆ తర్వాత 1799లో టిప్పు సుల్తాన్ ఓడిపోయినప్పుడు మైసూరు రాజ్యం నుంచి నిజాం వాటాకు వచ్చినవి. అంటే ఎనిమిదేళ్లలో ఈ ఊళ్లు మైసూరు నుంచి హైదరాబాదుకు, అక్కడి నుంచి కంపెనీకి చేతులు మారాయి. ఊరివాళ్లను అడిగినవారు లేరు.

నేటి కడప, అనంతపురం ప్రాంతాలు, కర్నూలు ప్రాంతంలో కొంత భాగం, కర్ణాటకలోని బళ్ళారి, చిత్తూరు వైపు మదనపల్లె, వాయల్పాడు ఇందులోకి వస్తాయి. కర్నూలు పట్టణం, దాని చుట్టుపక్కల భూములు అప్పటికి పఠాను నవాబుల చేతిలోనే ఉన్నాయి. చివరి నవాబు గులాం రసూల్ ఖాన్ కుట్ర చేస్తున్నాడని చెప్పి 1839లో కంపెనీ వాటినీ కలుపుకుంది. బనగానపల్లె మాత్రం చిన్న సంస్థానంగా 1948 దాకా నిలిచింది.

దీన్ని సరిహద్దు ప్రాంతం అని ఎందుకు అంటారు? తెలుగు నేల నడుమనే ఉంది కదా?

భాష పటం వేరు, రాజ్యాల పటం వేరు. 1565లో విజయనగరం కూలాక రాజధాని పెనుకొండకు మారింది. ఉత్తరాన గోల్కొండ, పడమట బీజాపూరు కాచుకుని ఉన్నాయి. 1650లో గోల్కొండ సేనాని మీర్ జుమ్లా పెమ్మసాని నాయకుల నుంచి గండికోటను పట్టుకున్నాడు. రెండేళ్లకు ఫ్రెంచి వజ్రాల వర్తకుడు టావెర్నియర్ అతన్ని కలవడానికి ఆ కోటకే వచ్చాడు. తర్వాత మొగలులు, కడప నవాబులు, గుత్తిలో మరాఠా సర్దారు మురారిరావు ఘోర్పడే. 1776లో హైదర్ అలీ గుత్తిని ముట్టడించి మురారిరావును బందీగా తీసుకుపోయాడు. 1779లో కడప కూడా అతని వశమైంది.

ఒక్క మనిషి జీవితకాలంలో ఇన్ని జెండాలు మారిన చోట రైతుకు ఏది నిలకడ? పై రాజు ఎవరైనా పక్క కొండ మీది కోటలో ఉండే దొర మాత్రం మారడు. పాలెగాడి బలం అక్కడి నుంచే వచ్చింది.

ఇంతకీ పాలెగాళ్లు ఎవరు? దోపిడీదార్లా, వీరులా?

పాలెం అంటే సైన్యం విడిది, దాని కింద ఉండే ఊళ్లు. పాలెగాడు ఆ ఊళ్లకు కావలి కాసి, శిస్తు వసూలు చేసి, రాజు పిలిస్తే బలగంతో వెళ్లేవాడు. విజయనగరం ఉన్నన్నాళ్లు వీళ్లు పెద్ద యంత్రంలో భాగం. అది పోయాక ప్రతి పాలెగాడూ చిన్న రాజయ్యాడు. అందరూ ఒక కులం వాళ్లు కాదు. బోయ నాయకులున్నారు, కమ్మవారైన పెమ్మసాని వారున్నారు, రెడ్లున్నారు, సిద్ధవటం ఏలిన మట్లి రాజులున్నారు, అనంతపురాన్ని ఏలిన హండే వంశం వారున్నారు. వీళ్ల కింద పనిచేసే కట్టుబడి బంట్లకు జీతానికి బదులు మాన్యం భూములు ఉండేవి. ఈ మాన్యాల సంగతి గుర్తుంచుకోండి, ఉయ్యాలవాడ నరసింహారెడ్డి కథలో మళ్లీ వస్తుంది.

కంపెనీ వచ్చేనాటికి దత్తమండలాల్లో 80 మంది పాలెగాళ్లు, వాళ్ల కింద సుమారు 30,000 మంది ఆయుధాలు పట్టిన బంట్లు ఉన్నారని లెక్క. ఈ లెక్క కంపెనీ అధికారులు వేసింది. వాళ్ల రాతల్లో పాలెగాడు అంటే దొంగే. ఊళ్లలో చెప్పుకునే కథల్లో, పాడుకునే పదాల్లో అతను దేవుడంతటివాడు. రెండింటినీ పక్కపక్కన పెట్టి చదవాలన్నది నా అభిప్రాయం. చెరువు తవ్వించినవాడూ, పక్క ఊరి పంట తగలబెట్టించినవాడూ ఒకే మనిషి కావచ్చు. రైతు నుంచి మేరకు మించి పిండిన పాలెగాళ్లు ఉన్నారు, అది దాచాల్సిన పని లేదు. కానీ వాళ్లను తొలగించిన కంపెనీ దయతో ఆ పని చేయలేదు. తనకూ రైతుకూ మధ్య ఇంకొకరు శిస్తు తినకూడదన్నదే దాని లెక్క.

థామస్ మన్రోను ఇక్కడి జనం ఎందుకు అంతగా తలచుకుంటారు?

మన్రో 1800 నుంచి 1807 దాకా దత్తమండలాలకు ప్రధాన కలెక్టరు. అనంతపురంలో కాపురముండి, నలుగురు సహాయ కలెక్టర్లతో ఈ ప్రాంతమంతా చూసేవాడు. ఊరూరా గుడారాలు వేసుకుని తిరిగి, పొలం పొలం కొలిపించి, రైతు పేరు మీదనే పట్టా రాసి శిస్తు కట్టించుకునే రైతువారీ పద్ధతిని ఇక్కడ విస్తారంగా అమలు చేశాడు. పాలెగాళ్లను కొందరిని తరిమేశాడు, కొందరికి పింఛన్లు ఇచ్చి కూర్చోబెట్టాడు.

కథలు మాత్రం అధికారి గురించి చెప్పుకునేవి కావు, సిద్ధపురుషుడి గురించి చెప్పుకునేవి. మంత్రాలయం భూముల విచారణకు వెళ్తే రాఘవేంద్రస్వామి అతనికి ఒక్కడికే కనబడి మాట్లాడారంటారు. వేంపల్లె దగ్గర పాపాఘ్ని ఒడ్డున గండి క్షేత్రంలో కొండల మధ్య బంగారు తోరణం కనబడిందనీ, అది కనబడ్డవారు ఎక్కువకాలం బతకరనీ చెబుతారు. పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్న ఇళ్లు ఉండేవి. తర్వాత మద్రాసు గవర్నరై, పదవి వదిలి వెళ్లేముందు ఈ ఊళ్లను మళ్లీ చూడాలని వచ్చి, 1827 జులై 6న పత్తికొండలో కలరాతో చనిపోయాడు. ముందు గుత్తిలో పాతిపెట్టారు. తర్వాత అవశేషాలను మద్రాసు కోటలోని చర్చికి తీసుకువెళ్లారు.

అతని మీద గౌరవం నాకూ ఉంది. ఊరు తిరిగి, రైతు మాట చెవిన పెట్టిన అధికారి అంతకుముందు జనానికి దొరకలేదు. కానీ అతను నిర్ణయించిన శిస్తు తేలికైనది కాదు, వాన రాని ఏడు అది రైతు మెడకు ఉరి. తగ్గించమని అతనే రాసినా పైవాళ్లు ఆ సమయంలో ఒప్పుకోలేదు. ఒక మంచి అధికారిని తలచుకోవడం వేరు, కంపెనీ పాలనను మెచ్చుకోవడం వేరు.

ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పోరాటం నిజంగా స్వాతంత్ర్య పోరాటమేనా? పింఛను కోసం గొడవ అంటారు కొందరు.

పింఛను తగాదా నిజమే. నొస్సం పాలెగాడైన తాత జయరామిరెడ్డి వంశానికి వచ్చే పింఛనులో అతనికి ముట్టే వాటా నెలకు పదకొండు రూపాయల చిల్లర. బంధువుల వాటా కూడా తనకు రావాలని అడిగితే ప్రభుత్వం కాదంది. అంతమాత్రానికే వేలమంది ఒకరి వెనుక నడవరు. అప్పట్లోనే ప్రభుత్వం కట్టుబడి బంట్ల మాన్యాలను తిరిగి లాక్కోవడం మొదలుపెట్టింది. తరతరాలుగా దున్నుకుంటున్న చెక్క పోతుందన్న భయం ఇంటింటికీ వచ్చింది. పోరాటానికి బలం అక్కడ ఉంది.

1846 జులైలో కోవెలకుంట్ల ఖజానా మీద దాడి జరిగింది. గిద్దలూరు, నల్లమల అడవుల వైపు కొన్ని నెలలు పోరు నడిచింది. అక్టోబరులో పేరుసోముల దగ్గర అతను పట్టుబడ్డాడు. 1847 ఫిబ్రవరి 22న కోవెలకుంట్లలో జనం చూస్తుండగా ఉరితీశారు. తలను 1877 దాకా కోట గోడ మీద వేలాడదీసి ఉంచారు. ముప్పై ఏళ్లు! పింఛను కోసం అలిగిన మనిషి అనుకుంటే ఏ ప్రభుత్వమూ అంతగా భయపడదు. ఇప్పుడు ఓర్వకల్లులోని కర్నూలు విమానాశ్రయానికి ఆయన పేరు ఉంది.

నేటి ఫ్యాక్షన్ తగాదాలు పాలెగాళ్ల వారసత్వమేనా?

కాదనే నా అభిప్రాయం. పాలెగాళ్ల బలగాలు 1800 తర్వాత కొద్ది దశాబ్దాల్లోనే చెదిరిపోయాయి. మనకు తెలిసిన ముఠా తగాదాలు పంచాయతీ పదవులు, కాంట్రాక్టులు, గనులు, ఓట్ల చుట్టూ ఇరవయ్యో శతాబ్దంలో పెరిగినవి. రక్తంలోనే ఉందని చెప్పడం సులువు. అలా చెప్పేస్తే నీళ్లు ఎవరివి, పదవులు ఎవరివి, ఠాణాలు ఎవరి మాట వింటాయి అన్న ప్రశ్నలు అడగాల్సిన పని ఉండదు. తెర మీద సుమోలు, కత్తులు చూసి సీమను అంచనా వేసేవారి వల్ల ఇక్కడి పిల్లలు చదువుకోవడానికి వేరే ఊరు వెళ్లినప్పుడు పడే అవమానం చిన్నది కాదు.

ఇన్ని యుద్ధాల మధ్య ఇక్కడ భాష, సాహిత్యం ఏమి పెరిగాయి?

అసలు తెలుగు రాత కళ్లు తెరిచిందే ఇక్కడ. కడప జిల్లా ఎర్రగుంట్ల మండలంలోని కలమళ్ళలో రేనాటి చోళరాజు ఎరికల్ ముత్తురాజు ధనుంజయుడి శాసనం ఉంది. కాలం సుమారు క్రీ.శ. 575. పూర్తిగా తెలుగులో ఉన్న శాసనాల్లో ఇప్పటికి దొరికినవాటిలో మొదటిది అదే. ఎర్రగుడిపాడు శాసనం కూడా ఆ కాలానికి దగ్గరిదే. నన్నయకు దాదాపు అయిదు వందల ఏళ్ల ముందు, పల్లవులు, చాళుక్యుల మధ్య నలిగిన ఈ చిన్న రాజులు సంస్కృతాన్ని పక్కనపెట్టి ఊరివాళ్ల భాషలో రాయించారు. దీన్ని మన పాఠ్యపుస్తకాలు ఇంకా గట్టిగా చెప్పాలి.

తర్వాత తాళ్లపాక నుంచి అన్నమయ్య వచ్చాడు. వేమన సమాధి కదిరి దగ్గర కటారుపల్లెలో ఉంది. పోతులూరి వీరబ్రహ్మం కందిమల్లయ్యపల్లెలో మఠం కట్టుకున్నాడు. ఆయన శిష్యుల్లో పేరెన్నికగన్న సిద్ధయ్య దూదేకుల కుటుంబంలో పుట్టినవాడు. గుడిని, మసీదును, దొరను ఒకే గొంతుతో ప్రశ్నించిన వేమన, వీరబ్రహ్మం ఈ నేల మీదే నడవడం యాదృచ్ఛికం అని నేను అనుకోను. ఏ రాజూ శాశ్వతం కాదని కళ్లారా చూసిన జనం మధ్య అలాంటి గొంతు పుడుతుంది.

1820లో కడపకు చిన్న ఉద్యోగిగా వచ్చిన సి.పి. బ్రౌన్ వేమన పద్యాలు విని, రాతప్రతులు వెతికించి, 1829లో ఇంగ్లీషు అనువాదంతో అచ్చువేయించాడు. కడపలో బంగళా కొని, సొంత డబ్బుతో పండితులను పెట్టి, చెదలు పడుతున్న తాళపత్రాలకు శుద్ధప్రతులు రాయించాడు. నిఘంటువు పని కూడా ఆ శ్రమ మీదే నిలిచింది. ఆయన బంగళా ఉన్న చోటే ఇప్పుడు బ్రౌన్ గ్రంథాలయం, భాషా పరిశోధన కేంద్రం ఉన్నాయి. దాన్ని నిలబెట్టడానికి జానమద్ది హనుమచ్ఛాస్త్రి పడ్డ కష్టం కడపవారెవరూ మరచిపోరు.

హిందూ, ముస్లిం సంబంధాలు ఎలా ఉండేవి?

పై స్థాయిలో నవాబులు, రాయలు కొట్టుకున్నారు. ఊళ్లో పీర్లు ఎత్తినవాళ్లలో చాలామంది హిందువులు. అనంతపురం జిల్లా నార్పల మండలం గూగూడులో కుళ్లాయిస్వామి పీర్ల పండుగకు వచ్చే జనంలో ముస్లిములకన్నా ఇతరులే ఎక్కువ. నిప్పుల గుండం తొక్కుతారు, చక్కెర చదివిస్తారు, పిల్లలకు కుళ్లాయప్ప అని పేరు పెడతారు. ఉగాది రోజు దేవుని కడప వేంకటేశ్వరస్వామి గుడికి ముస్లిం కుటుంబాలు కొబ్బరికాయలు, పూలు తెస్తాయి. బీబీ నాంచారి తమ ఆడపడుచు, స్వామి తమ ఇంటి అల్లుడు అన్నది నమ్మకం. కడప అమీన్ పీర్ దర్గాకు, పెనుకొండ బాబయ్య దర్గాకు మొక్కుకునేవారి పేర్లు చూస్తే మతం తెలియదు.

అల్లుడి వరస అహోబిలంలోనూ ఉంది. అక్కడ నరసింహుడు చెంచులక్ష్మిని పెళ్లాడి నల్లమల చెంచులకు అల్లుడయ్యాడు. కనుమ నాడు మొదలయ్యే పారువేట ఉత్సవంలో స్వామి పల్లకి నలభై రోజులకు పైగా చుట్టుపక్కల పల్లెలన్నీ తిరుగుతుంది. దేవుడే పెళ్లికి పిలవడానికి వచ్చాడంటారు పల్లెజనం. బలవంతుడు కొత్తగా వస్తే అతనితో చుట్టరికం కలుపుకోవడం ఈ పొలిమేర జనానికి బాగా తెలిసిన విద్య.

సీమలో అందరి ఇంటిభాష తెలుగేనా?

కాదు. మడకశిర, రాయదుర్గం వైపు కన్నడం, కుప్పం వైపు తమిళం, పట్టణాల్లో దక్కనీ ఉర్దూ, తండాల్లో లంబాడీ వినిపిస్తాయి. ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో తోలుబొమ్మలు చేసే కుటుంబాలు ఇంట్లో మరాఠీకి దగ్గరైన మాట మాట్లాడుకుని, తెర వెనుక రామాయణం తెలుగులో పాడతాయి. ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది.

బళ్ళారి సంగతి వేరుగా చెప్పాలి. తెలుగు నాటకానికి అది పుట్టినిల్లు లాంటిది. ధర్మవరం రామకృష్ణమాచార్యులు, కోలాచలం శ్రీనివాసరావు, బళ్ళారి రాఘవ అక్కడివారే. 1953 అక్టోబరు 1న ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్ర రాష్ట్రంలోకి వచ్చాయి. బళ్ళారి పట్టణం, మిగిలిన తాలూకాలు మైసూరుకు వెళ్లాయి. గీత పడింది గానీ పెళ్లి సంబంధాలు, సంతలు ఆగలేదు.

రాయలసీమ ఎప్పుడూ కరువు సీమేనా?

వాన తక్కువే. అనంతపురం ప్రాంతంలో ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు. కానీ ఆ వానను పట్టుకోవడం ఇక్కడివారికి తెలుసు. బుక్కరాయల కొడుకు భాస్కరుడు తవ్వించిన పోరుమామిళ్ల చెరువు శాసనం 1369 నాటిది. మంచి చెరువుకు ఉండవలసిన పన్నెండు లక్షణాలు, రాకూడని దోషాలు అందులో చెక్కించారు. రోజూ వెయ్యి మంది కూలీలు, నూరు బండ్లు రెండేళ్లు పనిచేశాయని కూడా ఉంది. ఆ చెరువు ఇంకా ఉంది. సరిహద్దు యుద్ధాల్లో కట్టలు తెగాయి, బాగుచేసే దిక్కు పోయింది. కంపెనీకి శిస్తు మీద ఉన్న శ్రద్ధ చెరువుల మీద లేదు.

1876లో, ధాత నామ సంవత్సరంలో మొదలైన ధాత కరువు బళ్ళారి, కర్నూలు, కడప జిల్లాలను తుడిచిపెట్టింది. కరువు పనికి వెళ్లిన మగవాడికి ఒక దశలో ఇచ్చిన కూలి రోజుకు ఒక పౌను, అంటే అర కిలో కూడా నిండని గింజలు, ఒక అణా. రైలు మార్గం ఉంది, ధాన్యం ఉంది, కొనడానికి చేతిలో డబ్బు లేదు. అంతకు పదేళ్ల ముందు 1866 కరువులో ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డి తన ఇంటి గాదెలు తెరిచి వచ్చినవారందరికీ అన్నం పెట్టాడు. ఆయన మీద పాటలు ఇప్పటికీ పాడతారు.

కర్నూలు కడప కాలువను 1860లలో మద్రాసు ఇరిగేషన్ కంపెనీ సాగుకు, పడవల రవాణాకు కలిపి తవ్వింది. కంపెనీ నష్టపోయాక 1882లో ప్రభుత్వం కొనుక్కుంది. నీళ్ల మాట కోస్తా, సీమ నాయకుల మధ్య 1937 నవంబరు 16న జరిగిన శ్రీబాగ్ ఒప్పందంలోనూ ఉంది. మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు ఇంట్లో కుదిరిన ఆ ఒప్పందంలో కృష్ణా, తుంగభద్ర జలాల్లో సీమకు మొదటి ప్రాధాన్యం ఇస్తామన్నారు. అది ఎంతవరకు జరిగిందన్నది ఇక్కడ ఏ టీ కొట్టు దగ్గర అడిగినా చెబుతారు.

ఇక్కడి తిండిలో ప్రత్యేకత?

రాగిసంగటి, జొన్నరొట్టె, సద్దరొట్టె, కొర్రన్నం. వరి అన్నం మా పెద్దల కాలంలో పండుగ కూడు. ఉదయం బొరుగులతో చేసే ఉగ్గాని, పక్కన మిరపకాయ బజ్జి. వేరుశనగ వచ్చి కొర్ర, ఆరిక పొలాలను మింగేశాక తిండీ మారింది, అప్పులూ పెరిగాయి.

వజ్రాలు దొరుకుతాయన్నది నిజమేనా?

నిజమే. వజ్రకరూరు, జొన్నగిరి చుట్టుపక్కల తొలకరి వానలకు పైమట్టి కొట్టుకుపోయాక జనం పొలాల్లో వెతుకుతారు. దొరికినవారి పేరు ఊరంతా తెలుస్తుంది, దొరకక కూలి పోగొట్టుకున్నవారి లెక్క ఎవరూ రాయరు.

రాయలసీమ అన్న పేరు ఎప్పటిది?

1928 నవంబరులో నంద్యాలలో జరిగిన దత్తమండలాల సమావేశంలో, అనంతపురం కళాశాలలో పనిచేస్తున్న పండితుడు చిలుకూరి నారాయణరావు ఈ పేరు సూచించారు. కడప కోటిరెడ్డి ఆ సభకు అధ్యక్షులు. ఎవరో ఎవరికో ఇచ్చేసిన భూమి అన్న గుర్తును మోయడం వారికి అవమానంగా తోచింది. ఆ అనంతపురం కళాశాల కూడా 1916లో దత్తమండలాల కళాశాలగానే మొదలైంది. చిత్తూరు జిల్లాలో చాలా భాగం ఉత్తర ఆర్కాటుది. 1911లో కొత్త జిల్లా ఏర్పడినప్పుడు కడప నుంచి మదనపల్లె, వాయల్పాడు అందులో చేరాయి. తిరుపతి, చిత్తూరు సీమలో భాగంగా లెక్కకు రావడం ఆ తర్వాతి సంగతి.

రెండు మూడు రోజుల్లో ఏమేమి చూడవచ్చు?

కడప నుంచి బయలుదేరితే సిద్ధవటం కోట, దేవుని కడప, బ్రౌన్ గ్రంథాలయం ఒక రోజు. మరుసటి రోజు కలమళ్ళ మీదుగా గండికోట. పెన్నా లోయ చూసి వెనక్కి తిరగకండి. లోపల మాధవరాయ ఆలయం, జామియా మసీదు, ధాన్యాగారం దగ్గరదగ్గరగా ఉన్నాయి. అక్కడి నుంచి తాడిపత్రి, గుత్తి కోట. గుత్తి దగ్గర ఎర్రగుడిలో అశోకుడి బండశాసనం ఉంది, చాలామందికి తెలియక దాటిపోతారు. ఇంకో రోజు ఉంటే పెనుకొండ, లేపాక్షి. ఎండాకాలం వద్దు, కోటల మీద నీడ ఉండదు.

మా ఊరి చరిత్ర తెలుసుకోవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

కైఫీయత్తులతో. కంపెనీ సర్వే అధికారి కాలిన్ మెకంజీ కోసం కావలి బొర్రయ్య సోదరులు, వారి తోటివారు ఊరూరా తిరిగి కరణాల దగ్గర రాయించుకున్న స్థానిక చరిత్రలు ఇవి. కడప జిల్లావి బ్రౌన్ కేంద్రం సంపుటాలుగా అచ్చువేసింది. మీ ఊరి పేరు లేకపోతే పక్క ఊరిది, పాత పాలెం ఉన్న ఊరిది చూడండి. తర్వాత జిల్లా గెజెటీర్లు, శాసనాల సంపుటాలు, రెవెన్యూ కార్యాలయంలోని పాత సర్వే రికార్డులు. మాన్యాల పేర్లలో కావలి, కట్టుబడి, చెరువు పని అన్నీ దాగి ఉంటాయి. ఆ తర్వాత ఊరి వీరగల్లులు (పోరులో చనిపోయిన వీరులకు నిలిపిన రాళ్లు), బురుజు మొండెం, పీర్ల చావిడి ఫొటోలు తీసి, ఎనభై దాటిన పెద్దలకు చూపించి అడగండి. వాళ్లు చెప్పేది ఫోనులో రికార్డు చేసి, తేదీ, చెప్పినవారి వయసు రాసిపెట్టండి. ఈ పని ఈ ఏడాదే చేయండి.